లారీ మీద ఎర్ర కారు

పలమనేరు దాటింది లారీ. దాటిందని జయచంద్రకు తెలుస్తోంది గానీ దాటించింది తను కాదు. చేతుల్లో స్టీరింగు ఉంది, కుడికాలి కింద బ్రేకు ఉంది, ఎదురుగా అద్దం ఉంది. అద్దంలోంచి కనబడేది మాత్రం రోడ్డు కాదు, లారీ క్యాబిన్ వెనకరేకు, దాని మీద పసుపు రంగుతో రాసిన ‘అమ్మ దీవెన’. పక్క సీటు ఖాళీ. ఆ సీటు మీద పొద్దున భార్య మాలతి పరిచిన కొత్త తువ్వాల, దాని నిండా ఇప్పుడు టమాట పెట్టెల దుమ్ము. నడిపే మనిషిలా కూర్చుని, నడపకుండా, సరుకు దించేసి ఖాళీగా పోతున్న లారీ మీద, టాపు లేని రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారులో, నెత్తి మాడే ఎండలో కుప్పం పోతున్నాడు. ఎదురొచ్చే బస్సుల్లో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. దారిపక్క ఒక ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు, ఏ దేవుడి ఊరేగింపో అనుకున్నట్టున్నాడు. తిరిగి దండం పెడదామనుకున్నాడు జయచంద్ర. చేతులు స్టీరింగు వదల్లేదు. తిప్పితే ఎటూ తిరగని స్టీరింగును ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో అతనికే తెలియదు.

కాలు తీయొద్దన్నాడు లారీ డ్రైవరు మునెప్ప. పుంగనూరు బయట టమాట మండీ అరుగు మీంచి కారును లారీలోకి తోసినప్పుడు అన్న మాట అది. “సూడు సామీ, టైర్లకు తాళ్లు కట్టినాము, రాళ్లు పెట్టినాము. అయినా నీ హ్యాండు బ్రేకును నమ్మేదానికి లేదు. నువ్వు దాంట్లోనే కూర్చోని బ్రేకు తొక్కుకోనుండు. కాలు తీస్తివా, నీ కారొచ్చి క్యాబిన్లో నా పక్కన కూర్చుంటాది.” మండీ హమాలీలు నవ్వారు. జయచంద్ర నవ్వలేదు. అప్పట్నుంచీ తొక్కుతూనే ఉన్నాడు. పిక్క రాయి అయిపోయింది, బొటనవేలు ఉందో లేదో తెలియడం లేదు. టైర్లను కట్టారు గానీ పైన కారు ఒళ్లును ఎవరు కడతారు? లారీ గుంతలో పడితే లారీ ఒక్కసారి ఎగిరి ఊరుకుంటుంది. కారు ఊరుకోదు. వెనకభాగం లేస్తుంది, కూలబడుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ కూలబడుతుంది, లారీ ఆ గుంతను ఎప్పుడో మరిచిపోయినా ఇది మాత్రం దాన్నే తలుచుకుంటూ ఊగుతుంది. దాంతోపాటు జయచంద్ర తలకాయ.

దీపాలు పెట్టే వేళకు గంగమ్మ గుడి దగ్గర ఉండాలి. అక్కడ అశ్విని ఎదురుచూస్తూ ఉంటుంది, అక్క సుశీలమ్మ కూతురు, రేపు తెల్లవారుజామున పెళ్లి. ఈ సాయంత్రం పెళ్లికూతురిని గుడి నుంచి కల్యాణ మండపానికి తీసుకుపోయేది మేనమామ. వాళ్ల ఇళ్లలో అది మొదట్నుంచీ ఉన్న పద్ధతి, గుడి నుంచి ఎవరు తెస్తే తెల్లారి పెళ్లిగంప ఎత్తేదీ వాళ్లే. కొత్త గంపలో బియ్యం పోసి, వాటి మీద పిల్లను కూర్చోబెట్టి, పీటల దాకా మోసుకుపోవాలి. గుడి దగ్గర మేనమామ లేకపోతే మండపం ఆగదు, మంగళవాయిద్యం ఆగదు, వరసకు తమ్ముడయ్యేవాడు ఎవడో ఒకడు ముందుకొస్తాడు, పని జరిగిపోతుంది. జరిగిపోవడమే భయం జయచంద్రకు. తను లేకుండా జరిగిపోయిందంటే ఇక ఆ ఇంటికి తను అక్కర్లేదని తేలిపోయినట్టే, అక్క చాలా ఏళ్లకు తెరిచిన తలుపు మళ్లీ మూసుకున్నట్టే. ఈసారి మూసుకుంటే తట్టే వయసు ఇద్దరికీ ఉండదు.

ఫోను మోగింది. మాలతి. పొద్దున బస్సుకే పోయింది, ఆ కారెక్కితే నడుము చేతికొస్తాదని.

“యాడుండారు?”

“వస్తాండాను.”

“పొద్దన్నుంచీ అదే మాట. యాడుండారంటే ఊరి పేరు చెప్పాల.”

“పలమనేరు దాటినాము. అడివి మొదలైంది.”

“దాటినామంటే? ఎవురుండారు మీతో?”

లారీ సంగతి చెప్పలేదు. ఎట్లా చెప్పాలి. “అక్క ఏం చేస్తాంది?” అన్నాడు. అవతల కాసేపు మైకుల మోత, ఎవరో పూలబుట్టలు ఇటు తెమ్మని అరవడం, తర్వాత మాలతి గొంతు తగ్గించి, “ఏమీ అనల్యా. వాకిట్లోకి వస్తాది, రోడ్డు కల్లా సూస్తాది, లోపలికి పోతాది. నాతో ఒక్క మాట మాట్లాడింది, మజ్జిగ తాగమనింది” అంది. మజ్జిగ తాగమంది. ఆ ఒక్క మాటను నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ కూర్చున్నాడు జయచంద్ర. మాలతికి మజ్జిగ ఇచ్చిందంటే కోపం కరిగినట్టా, ఇంటికొచ్చిన ఎవరికైనా ఇచ్చేదే ఇచ్చినట్టా. లారీ మలుపు తిరిగింది. అలవాటు కొద్దీ తనూ స్టీరింగు తిప్పాడు. తిప్పి, సిగ్గుపడి, మళ్లీ నేరుగా పెట్టాడు.

అశ్విని ఉయ్యాలలో ఉన్నప్పుడే అక్క అనేసింది, ఇది నీ కొడుక్కేరా అని. అందరూ నవ్వుతూ ఒప్పుకున్న మాట. నవ్వుతూ ఒప్పుకున్నవే గట్టిగా నాటుకుంటాయేమో. లోహిత్ బెంగుళూరులో తనతో పనిచేసే మేఘనను చేసుకుంటానన్నప్పుడు జయచంద్ర అడ్డం చెప్పలేకపోయాడు, కొడుకు మొహం చూసి చెప్పలేకపోయాడు. అశ్విని అయితే ఫోను చేసి మరీ నవ్వింది, “బతికిపోయినా మామా, లోహిత్ బావ నా జడ పట్టుకోని గుంజినోడు, వాణ్ణి యాడ చేసుకునేది” అని. పిల్లలిద్దరికీ లేని బాధ అక్కకు మిగిలిపోయింది. పోనీ అంతటితో ఆగినా బాగుండేది. రిసెప్షన్ నాడు మదనపల్లెలో కొత్త కోడలు మేఘనను తనే ఇదే ఎర్ర కారులో పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. సంతోషం పట్టలేక తిప్పాడు, ఇంకో ఉద్దేశం లేదు. ఫోటోలు ఎవరో పెట్టారు, చుట్టాలందరి ఫోన్లలోకీ పోయాయి, కుప్పంలో అక్క ఫోనులోకీ పోయాయి. ఆ రోజు నుంచి మాటల్లేవు. దసరాలు వచ్చి పోయాయి, నాయన సంవత్సరీకాలకు కూడా ఆమె వేరుగా పెట్టుకుంది. మొన్న అశ్విని ద్వారా కబురొచ్చింది. మామను రమ్మను. ఉత్తగా కాదు. ఆ కారు ఫోటో నా బంధువులందరి ఫోన్లలో ఉండాది, అదే కారులో నా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోని తెమ్మను, అందరూ సూడాల. అందుకే పుంగనూరులో బస్సెక్కలేకపోయాడు. కారు లేకుండా పోతే ఏం మొహంతో పోవాలి?

అడవి రెండు పక్కలా ఒత్తుగా ఉంది. ఏనుగులు తిరిగే చోటు, నెమ్మదిగా పోవాలని బోర్డు. ఇప్పుడొక ఏనుగు రోడ్డుకు అడ్డం వచ్చి నిలబడితే, అనుకున్నాడు. మంచిదే. చెప్పుకోవడానికి ఏనుగైనా ఉంటుంది. షాకబ్జరు పోయిందంటే ఎవరు నమ్ముతారు, నమ్మినా ఎవరికి అర్థమవుతుంది. పెళ్లిలో ఆడవాళ్ల ముందు నిలబడి, అమ్మా, స్ప్రింగు పని పైకి తోయడం, తోసినదాన్ని పట్టి ఆపడం షాకబ్జరు పని, దాని లోపల నూనె ఉంటుంది, నూనెలో కడ్డీ ఆడుతుంది, నూనె కారిపోతే కడ్డీ ఉత్తగా ఆడుతుంది అని చెప్పగలడా. వినోద్ చెబితే తనకు అర్థం కావడానికే ఇన్నేళ్లు పట్టింది. పుంగనూరు మెకానిక్ వినోద్ ఈ కారును తిట్టని రోజు లేదు. “జయన్నా, ఇది రేసులో ఉరికే గుర్రము. దాన్ని తెచ్చి నువ్వు మెరవణికి కట్టినావు” అనేవాడు.

నిజమే, మెరవణికే, పెళ్లి ఊరేగింపులకే కట్టాడు. టెంట్ హౌస్ మనిషి, షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చేవాడు, బెంగుళూరులో ఒక ఎస్టేటు ఆయన షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన ఎర్ర కారు చూసి మనసు పారేసుకున్నాడు. తెచ్చిన రోజు మదనపల్లె సగం వీధిలోకొచ్చింది. కొత్తలో ఎట్లా పోయేది! కురబలకోట రోడ్డు మీద పొద్దున్నే గొర్రెల మందలు లేవకముందు ఒక్కడే తీసుకుపోయేవాడు. నేలను అంటుకుని పాము జారినట్టు జారేది, గుంత వస్తే గుంత వచ్చిందని చెవిలో చెప్పినట్టు తెలిసేది, అంతే, ఒళ్లు కదిలేది కాదు. తర్వాత పెళ్లిళ్లు. వధూవరులు సీటులో కూర్చుంటే జనానికి కనబడరని వెనక డిక్కీ మూత మీద కూర్చోబెట్టేవాళ్లు, పక్కన తోడుపెళ్లికూతురు, ఎగిరి కూర్చునే స్నేహితులు, డాన్సులు. ముందు ఎడమ షాకబ్జరు సదుం ఊర్లో ఒక పెళ్లిలో నూనె కక్కింది. ఆ కారు చేసిన కంపెనీ ఆ రకం చేయడం ఎప్పుడో మానేసింది, సామాను ఎక్కడా లేదు. వినోద్ ఒక వ్యానువి తెచ్చి, కొక్కేలు కోసి అతికి బిగించాడు. అవీ పోయాయి. సామాన్ల ఆటోవి బిగించాడు. కారు బండరాయిలా అయిపోయింది. అవీ పోయాయి. పాతవాటికే బొక్కపెట్టి చిక్కటి నూనె పోసి మళ్లీ అతికాడు. స్ప్రింగు చుట్ల మధ్య లారీ టైరు ముక్కలు దూర్చాడు. ఒకటి బాగుచేస్తే దాని పక్కది పోయేది, పక్కది చేస్తే ఎదుటిది. నాలుగు షాకబ్జర్లూ ఒకేసారి బాగుండగా చూసిన రోజు జయచంద్రకు గుర్తు లేదు. తనూ మాలతీ అక్కా బావా నలుగురూ ఒకేసారి నవ్వుతూ ఉన్న రోజు కూడా గుర్తు లేదు. ఏదేదో తగిలించుకుంటోంది మనసు. ఎండదెబ్బేమో.

పొద్దున బయల్దేరేటప్పుడు కారు వెనకమూల చేత్తో నొక్కి వదిలాడు. వినోద్ నేర్పిన పరీక్ష అది. ఒకసారి లేచి ఆగితే బాగున్నట్టు. లేచింది, దిగింది, మళ్లీ లేచింది. చూశాడు. చూడనట్టు చెయ్యి దులుపుకున్నాడు. కుప్పం దాకా చాలు, అనుకున్నాడు, ఒక్క సాయంత్రం చాలు. అప్పుడైనా ఉత్త కారుతో బయల్దేరి ఉంటే వచ్చేసేదేమో. ఉత్తచేతులతో పోయే మేనమామ ఎక్కడైనా ఉంటాడా? పెళ్లిగంప కొత్తది, కురబలకోటలో దగ్గరుండి అల్లించింది, అందులో బియ్యం పోస్తే నిండుగా పొయ్యాలి, నిండుగా పోసి డిక్కీలో పెట్టాడు. పక్కన ఇత్తడి బిందె, పెద్ద పళ్లెం, అక్కకు పట్టుచీర, బావకు పంచెలు, టెంకాయల మూట. డిక్కీ మూత పడలేదు, తాడుతో కట్టాడు. పైగా రెండు అరటిగెలలు. కారు ఎలుగుబంటిలా వెనక్కి కూర్చుంది. మునిరత్నమ్మ, ఎదురింటి ముసలామె, చూసి ముక్కు మీద వేలేసుకుంది. “ఏం నాయనా, పెండ్లికి పోతాండావా, కాపురం ఎత్తేస్తాండావా?” అంది. మేనమామనమ్మా, అన్నాడు గర్వంగా.

పుంగనూరు దగ్గర ఊరివాళ్లు తామే మట్టీ కంకరా కలిపి వేసుకున్న స్పీడ్ బ్రేకర్. రంగు లేదు, బోర్డు లేదు. ముందుచక్రాలు దాటాయి. వెనకవి దాటాయి. దాటాక డిక్కీలో ఏదో తుపాకీలా పేలింది, కారు ఒక మూల కుంగి, ఒంటికాలి మీద గెంతినట్టు గెంతుతూ పోయి ఆగింది. షాకబ్జరు కడ్డీ తుప్పుపట్టిన పైరేకును చీల్చుకుని డిక్కీలోకి వచ్చేసింది. అక్కడ గంప ఉంది. గంప అడుగులోంచి దూరింది. జయచంద్ర వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద తెల్లటి గీత, తను వచ్చిన దారంతా, పెళ్లిబియ్యం, అప్పటికే కోళ్లు చేరుతున్నాయి. ఆ గీత వెంబడి చూస్తూ నిలబడిపోయాడు. ఏరుదామా అనుకున్నాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. బండి మీద వచ్చిన వినోద్ కింద పడుకుని చూసి, లేచి, చేతులు తుడుచుకున్నాడు. తిట్టలేదు. అతను తిట్టకపోయేసరికి జయచంద్ర పోయి రోడ్డు అంచున కూర్చున్నాడు. “అయిపోయింది జయన్నా. అతికేదానికి రేకే లేదు. నువ్వు బస్సెక్కి పో.” పోలేనన్నాడు. “పెండ్లికి కారు ముఖ్యమా మనిషి ముఖ్యమా?” అని వినోద్ అరిచాడు. ఇద్దరూ ముఖ్యమేరా, అన్నాడు. కారును కూడా మనిషిలో కలిపి అన్నాడని తర్వాత తోచింది.

వీకోట దాటింది. మల్బరీ తోటలు, వాటి వెనక బండలు కోసే క్వారీలు, ఎండ పచ్చబడుతోంది. లారీ పక్కద్దంలో మునెప్ప మొహం చిన్నగా కనబడుతోంది, పాట పాడుకుంటున్నాడు. వేగంగా పొమ్మని అరిచాడు జయచంద్ర. వినబడలేదు. కారు హారను కొట్టబోయాడు, ఆగాడు, సాయం చేస్తున్నవాడి మీద హారనా. ఊరుకున్నాడు. ఊరుకోవడం తప్ప పని లేదు. మనసులో మాటలు కట్టుకున్నాడు. అక్కా, పిల్లల ఇష్టం కాదనలేకపోయినానక్కా. కాదు, అది మొదలే కాదు. అక్కా, బాగుండావా? ఇన్నేళ్ల తర్వాత బాగుండావా అంటే కొడుతుంది. అక్కా, ఆ ఫోటోలు నేను పెట్టలేదక్కా. సంజాయిషీలా ఉంది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి మోకాలు చీరుకుంటే అక్క పసుపు అద్దుతూ, నొప్పి పుడితే నా చెయ్యి కొరుకురా అంది. నిజంగా కొరికాడు. ఆ మచ్చ ఇంకా ఉంటుందా. అక్కా, నీ చేతి మీద మచ్చ… గుంత. లేచాడు, కూలబడ్డాడు, లేచాడు, కూలబడ్డాడు. కట్టుకున్న మాటలన్నీ కిందా మీదా అయిపోయాయి. మళ్లీ మొదటినుంచి కట్టాడు. మళ్లీ గుంత.

ఫోను. అశ్విని. గుసగుసగా.

“మామా, యాడుండావు? లెయ్యమంటాండారు.”

“ఊర్లోకి వచ్చేసినా తల్లీ. రవ్వంతసేపు ఓపిక పట్టు.”

“నేను పడతా మామా. పొద్దు పడతాదా? అయ్యోరు గొణుగుతాండాడు. ప్రతాప్ మామ కొత్త చొక్కా వేసుకోని రెడీగా…” వెనక ఎవరో పిలిచారు. ఫోను పోయింది.

ప్రతాప్. చిన్నాయన కొడుకు, వరసకు తమ్ముడు, మంచివాడు, నడుము గట్టిది. తప్పుబట్టడానికి కూడా ఏమీ లేని మనిషి. కుప్పం ఇళ్లు మొదలయ్యాయి, తమిళం బోర్డులు, కన్నడం బస్సు, పాలవ్యాను, టీ అంగళ్లు, అంగళ్లలో లైట్లు వేస్తున్నారు ఒక్కొక్కటీ. దీపాలు పెట్టే వేళ. బ్రేకు ఇంకా గట్టిగా తొక్కాడు. ఎందుకో. ఆగాల్సింది లారీ కాదు, పొద్దు. లారీ మండపం వీధిలోకి తిరిగి నిలిచిపోయింది.

ఎత్తులో ఉన్నాడు కాబట్టి అంతా కనబడింది. ముందర డోళ్లు, తర్వాత పూలు కట్టిన టాపు లేని జీపు, అందులో అశ్విని, ఎర్రంచు చీర, పక్కన కొత్త చొక్కాలో ప్రతాప్. జీపు వెనక పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు, వాళ్లలో మాలతి, వాళ్ల చివర్న అక్క. వెనకనుంచే పోల్చుకున్నాడు, నడకలో కొంచెం కుంటు వచ్చింది, జుట్టు తెల్లబడింది. అయిపోయింది. ఇక ఏమీ చేయనక్కర్లేదు. ఇట్లాగే, ఎవరూ చూడకముందే, లారీని వెనక్కి తిప్పమంటే… అంతలో మునెప్ప, దారి ఇమ్మని, తన పాట హారను వీధంతా మోగేట్టు కొట్టాడు.

అందరూ తిరిగారు. డోళ్లు ఆగాయి. టమాట లారీ మీద ఎర్ర కారు, కారులో పట్టుచొక్కా, దుమ్ముకొట్టుకున్న మొహం. జీపులోంచి అశ్విని “మామా!” అని లేచి నిలబడింది, ఎవరో చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. ఫోన్లు పైకి లేచాయి. సుశీలమ్మ పళ్లెం మాలతి చేతికిచ్చి లారీ దగ్గరకొచ్చింది. తల పైకెత్తి చూసింది. జయచంద్ర నోరు తెరిచాడు. ఇంతసేపూ కట్టుకున్న మాటల్లో ఒక్కటీ లేదు.

“షాకబ్జరు పోయిందక్కా” అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత తమ్ముడు అన్న మొదటి మాట అది. ఇంజను ఆపని లారీ అదురుకు కారు ఇంకా ఊగుతోంది, లేస్తోంది, కూలబడుతోంది, జయచంద్ర తల ముందుకూ వెనక్కూ ఊగుతోంది, ఆపుదామంటే ఆగడం లేదు, ఆమె అడగనివాటన్నిటికీ అవునక్కా, అవునక్కా అంటున్నట్టుంది.

“సర్లేరా” అంది చివరికి. “తలకాయ ఊపింది చాలు. గంప తెచ్చినావా?”

“తెచ్చినా. బొక్క పడింది.”

“బియ్యము?”

“పుంగనూరు కోళ్లు తినేసినాయక్కా.”

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సుశీలమ్మ నవ్వలేదు గానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గుడి కాడ టైము దాటిపోయింది. ఆ సీటు ప్రతాప్‌ది, వాణ్ణి లెయ్యమనలేను. గంప మాత్రం వానికియ్యను. తెల్లారేలోగా అల్లించుకోని రా. మోస్తావా, నీకూ షాకబ్జర్లు పోయినాయా?”

“మోస్తానక్కా.”

“అయితే దిగు. పెండ్లికొచ్చినోడివి ఆడ కూర్చోని ఏం చేస్తాండావు?”

చెయ్యి పైకి చాచింది. గాజుల పైన, ముంజేతి మీద, పాత పంటిగాటు తెల్లగా. జయచంద్ర కళ్లు తుడుచుకుని, మొద్దుబారిపోయిన కుడికాలిని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా బ్రేకు మీంచి తీశాడు.

కారు ఎక్కడికీ పోలేదు.